పేరు తర్వాత, ముందు బద్ద చూడండి: పాత విల్లు కొనేవాళ్ల కోసం

అమెరికాలో పాత సామాన్ల అమ్మకాల్లోనూ ఆన్‌లైన్ వేలాల్లోనూ తరచుగా కనిపించే ప్రకటన ఒకటుంది: "1953 నాటి బేర్ విల్లు, చాలా అరుదు." బేర్ అనేది విళ్లు చేసే ఒక అమెరికన్ కంపెనీ. విల్లు మీద 1953 అని నిజంగానే రాసి ఉంటుంది. కానీ అది విల్లు పుట్టిన ఏడు కాదు, పేటెంటు ముద్ర. ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు తయారైన విళ్ల మీద కూడా అదే ముద్ర వేశారు. అమ్మేవాడు అబద్ధమాడుతున్నాడని కాదు, అతనికీ తెలియదు. అటకమీద తాతగారిది దొరికింది, అంకె కనిపించింది, రాసేశాడు.

కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్లు ఇలాంటి అంకెల వెంటా పేర్ల వెంటా పడతారు. కంపెనీ పేరు, మోడలు, సంవత్సరం అన్నీ తెలుసుకోవలసినవే. అయితే పాత విల్లు మొదట ఒక స్ప్రింగు. అరవై ఏళ్ల కింద జిగురుతో పొరలు పొరలుగా అతికించిన స్ప్రింగు. ఆ అతుకు నేటికీ నిలిచి ఉందా లేదా అన్నది తేలాకే మిగతా ప్రశ్నలు.

ఇంతకీ ఈ విళ్లు ఇన్ని ఎలా మిగిలాయి? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో విల్లుతో వేట, గురిపోటీ బాగా పెరిగాయి. అంతకుముందు విల్లంటే ఎక్కువగా యూ, ఓసేజ్ ఆరెంజ్, లెమన్‌వుడ్ వంటి కొయ్యలతో చేసిన పొడుగాటి లాంగ్‌బో. 1950ల నాటికి మేపుల్ చెక్క పలకకు ముందూ వెనకా ఫైబర్‌గ్లాస్ పొర అతికించి, కొసలు ముందుకు వంచిన రీకర్వ్‌లు ఫ్యాక్టరీల్లో తయారవసాగాయి. మిషిగన్‌లోని గ్రేలింగ్‌లో బేర్, ఆర్కన్సాలోని పైన్ బ్లఫ్‌లో బెన్ పియర్సన్, కలమజూలో షేక్‌స్పియర్, సెయింట్ లూయీలో హోయ్ట్, టెక్సస్‌లో వింగ్, వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో డేమన్ హోవట్ పెద్ద పేర్లు. 1969 చివర్లో హోలెస్ విల్బర్ ఆలెన్‌కు కాంపౌండ్ విల్లు మీద పేటెంటు వచ్చింది. తర్వాతి పదేళ్లలో వేటగాళ్లు చాలామంది కప్పీల విల్లుకు మారిపోయారు. పాతవి అటకెక్కాయి. ఇప్పుడు ఆ తరం ఇళ్లు ఖాళీ చేస్తుంటే అవే కిందికి దిగుతున్నాయి. కాబట్టి 1960ల రీకర్వ్ అనగానే అరుదు అనుకోనక్కర్లేదు. అరుదైనవి కొన్నే. మంచి స్థితిలో ఉన్నవి ఇంకా తక్కువ.

బద్దలో ఏం జరుగుతుంది

పిడికి పైనా కిందా వంగే రెండు భాగాలే బద్దలు. నారి ఎక్కించిన విల్లును పట్టుకున్నప్పుడు గురివైపు ఉండేది వెన్ను, మనవైపు ఉండేది పొట్ట. కొత్తవాళ్లు దీన్ని తరచుగా తలకిందులు చేసుకుంటారు. నారి లాగినప్పుడు వెన్ను సాగుతుంది, పొట్ట నలుగుతుంది. నడుమ ఉన్న చెక్క పెద్దగా సాగదు, పెద్దగా నలగదు. కానీ రెండు ముఖాలూ ఎదురెదురు దిక్కులకు జరగబోతుంటే వాటిని పట్టి ఉంచేది ఆ చెక్కా, జిగురు పొరలూ. లోపాలన్నిటినీ ఈ ఒక్క లెక్కతో చదవచ్చు.

ఫైబర్‌గ్లాస్‌లో పోగులు బద్ద పొడవునా పరుచుకుని ఉంటాయి. అందుకే పొడవునా కనిపించే వెంట్రుకలాంటి సన్నగీతలు చాలావరకు భయపడవలసినవి కావు. అవి పోగుల మధ్యో, పైన పూసిన పాలిష్‌లోనో వచ్చినవి. అడ్డంగా వచ్చిన గీత సంగతి వేరు. అది పోగులు తెగాయని చెబుతుంది. వెన్ను మీద అడ్డగీత ఉంటే సాగలేక తెగింది, పొట్ట మీద ఉంటే నలగలేక విరిగింది. ఆ విల్లు గోడకు అలంకారం, అంతే. పాలిష్ మాత్రమే పగిలిందా, గ్లాసే పగిలిందా అని అనుమానం ఉంటే గోటిని నిదానంగా గీత మీదుగా లాగండి. గోరు చిక్కుకుంటే, లేదా విల్లును కాస్త వంచినప్పుడు గీత నోరు తెరిస్తే, అది గ్లాసే.

ఫైబర్‌గ్లాస్ లేని పాత కొయ్య లాంగ్‌బోలో ఇదే లోపం పొట్ట మీద సన్నటి అడ్డ ముడతలుగా వస్తుంది. చెక్క పోగులు నలిగి చేసిన ముడతలవి. చూడటానికి గీరుకుపోయినట్టు ఉంటాయి, అందుకే తేలిగ్గా దాటేస్తారు. అవి ఒకచోట గుంపుగా ఉంటే విల్లు అక్కడే ఎక్కువ వంగుతోందని, ఏదో ఒకరోజు అక్కడే విరుగుతుందని అర్థం.

పొరలు విడిపోవడం మరో పెద్ద జబ్బు. పిడి భాగం సన్నబడి బద్దలోకి కలిసే చోట ఇది ఎక్కువ. కొప్పుల దగ్గర, అంటే నారి తగిలించే కొసల దగ్గర, అంటించిన చిన్న పలకల కింద కూడా వస్తుంది. బద్ద అంచును దీపానికి ఎదురుగా పెట్టి మొత్తం పొడవునా చూడండి. జిగురు గీత ఎక్కడైనా తెల్లబడిందా, నల్లటి సందుగా మారిందా? అనుమానమున్న చోట పలచటి కాగితం అంచు దూర్చి చూడండి. దూరితే విడిపోయినట్టే. నాణెంతో బద్ద పొడవునా తట్టుకుంటూ పోతే, గట్టిగా మోగే చోటుకూ బోలుగా పలికే చోటుకూ తేడా చెవికే తెలుస్తుంది. అంచుల వెంట దూదిపింజ జరపండి. లేచిన పోగు ఏదున్నా దూదిని పట్టుకుంటుంది, మీ వేలిని కాదు.

పొర విడిపోయిన చోట సూపర్‌గ్లూ పోసి బిగించి అమ్మేవాళ్లున్నారు. కొప్పు పలక ఊడితే అలా అతికించడంలో తప్పులేదు. పని చేసే బద్ద నడుమ అలాంటి మెరిసే జిగురు మరక కనిపిస్తే మాత్రం దాన్ని బాగుచేసిన విల్లుగా కాక దాచిన లోపంగా లెక్కేయండి.

మెలిక

విల్లు మిగతా అన్ని విధాలా బాగుండి, ఒక బద్ద కాస్త పక్కకు తిరిగి ఉండటం రీకర్వ్‌లలో మామూలే. కారణాలు దాదాపు ఎప్పుడూ అవే: నారి ఎక్కించేటప్పుడు విల్లును కాళ్ల మధ్య దూర్చి నడుముతో వంచడం, ఏళ్ల తరబడి గోడ మూలకు ఒక కొస మీద నిలబెట్టి ఉంచడం, ఎండలో కారు డిక్కీలో వదిలేయడం. నారి ఎక్కించి, కొస దగ్గర కన్ను పెట్టి బద్ద పొడవునా చూడండి. నారి రెండు బద్దలనూ నడిమికి చీల్చినట్టు కనబడాలి. వంపు కొసల్లో చెక్కిన గాడి మధ్యలో పడుకోవాలి. నారి గాడి అంచు ఎక్కి కూర్చుంటే, లాగి వదిలినప్పుడు అది జారిపోయే ప్రమాదం ఉంది.

కొద్దిపాటి మెలికను సరిచేయవచ్చు. నారి ఎక్కించి ఉంచి, బద్దను మెలికకు ఎదురుదిక్కులో, తిన్నగా ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువ తిప్పి, ఒకటి రెండు నిమిషాలు పట్టుకోవాలి. తిరగనంటే హెయిర్ డ్రయ్యర్‌తో చేతికి వెచ్చగా తగిలేంత వరకే వేడిచేసి, చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. ఒక్కసారిలో కాదు, కొన్ని రోజులపాటు కొంచెం కొంచెంగా. ఆవిరి పట్టడం, వేడినీళ్లు పోయడం పొరలు లేకుండా ఒకే కొయ్యతో చేసిన విల్లుకు పనికొచ్చే విద్యలు. పొరలతో అతికించిన పాత విల్లుకు వద్దు.

రాతలు చదవడం

బద్ద బాగుందని తేలాక పేరు దగ్గరికి రావచ్చు. బేర్ విళ్లకు సేకర్తలు ఎక్కువ కాబట్టి వాటి కాలనిర్ణయం కూడా బాగా తెలిసినదే. ఫ్రెడ్ బేర్ కంపెనీ డెట్రాయిట్‌లో మొదలై 1947లో గ్రేలింగ్‌కు, 1978లో ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌కు మారింది. కనుక విల్లు మీద ఊరి పేరుంటే మొదటి ఆధారం అదే. పిడి భాగంలో చెక్కకు సమంగా పొదిగిన లోహపు నాణెం 1959 నుంచి 1972 దాకా. ఆ తర్వాత వచ్చింది ఉబ్బెత్తుగా ఉండే బిళ్ల. వేలితో తడిమితే చాలు, ఫొటో చూసి చెప్పనక్కర్లేదు. 1965 నుంచి 1969 వరకు సీరియల్ నంబరులో మొదటి అంకె సంవత్సరపు చివరి అంకె. 7తో మొదలైతే 1967. ఈ లెక్కను ఆ అయిదేళ్లు దాటించి వాడకండి. 7తో మొదలయ్యే ప్రతి నంబరూ 1967 కాదు, అమ్మకం ప్రకటనల్లో మరో సగం పొరపాట్లు ఇక్కడే.

బేర్ మోడళ్లలో కోడియాక్ అనే పేరు ఒక్కటే అయినా, అది ఏటేటా రూపం మార్చుకుంది. పొట్టి కోడియాక్ మాగ్నమ్ 52 అంగుళాలు, అరణ్యంలో కదలడానికి అనువు. కానీ పొడుగు చేతులవాళ్లకు చివర్లో నారి వేళ్లను గట్టిగా నొక్కుతుంది. 1959 కోడియాక్ కోసం సేకర్తలు ఎక్కువగా వెతుకుతారు. ఆ నమూనానే కంపెనీ తర్వాతి కాలంలో మళ్లీ తయారుచేసింది కాబట్టి, ఆకారం చూసి డబ్బు కట్టకుండా నంబరు, నాణెం, పాలిష్ మూడూ కలిసి ఒకే కథ చెబుతున్నాయో లేదో చూసుకోవాలి.

దుకాణాల పేరుతో అమ్మినవి కూడా ఉన్నాయి. సియర్స్ వంటి పెద్ద అంగళ్లు వేరే కంపెనీల చేత చేయించి తమ పేరు వేసుకున్నాయి. వీటికి సేకర్తల గిరాకీ తక్కువ, పనితనం చాలాసార్లు బాగానే ఉంటుంది. బాణం వేయడం నేర్చుకోవాలనుకునే వాళ్లకు ఇవి మంచి బేరం.

మీకు తప్పక అర్థం కావలసిన రాత మరొకటుంది: 45# @ 28". అంటే 28 అంగుళాలు లాగితే 45 పౌండ్ల బరువు, మన లెక్కలో 20 కిలోలకు పైమాటే. బేర్ విళ్ల మీద అంకె పక్కన ఎక్స్ గుర్తుంటే అసలు బరువు ఆ అంకె కన్నా ఒకటి రెండు పౌండ్లు ఎక్కువ అని అర్థం. మీరు ఎంత లాగగలరో తెలియాలంటే రెండు చేతులూ చాచి ఒక మధ్యవేలి కొస నుంచి మరో మధ్యవేలి కొసకు కొలిచి, రెండున్నరతో భాగించండి. 165 సెంటీమీటర్లు వస్తే 66 సెంటీమీటర్లు, అంటే 26 అంగుళాలు. అంగుళానికి రెండు నుంచి మూడు పౌండ్లు తేడా వస్తుంది కాబట్టి ఆ 45 పౌండ్ల విల్లు మీ చేతిలో దాదాపు 40 పౌండ్లే.

బరువు ధరను కూడా నిర్ణయిస్తుంది. 40 నుంచి 50 పౌండ్ల మధ్యవి అందరికీ కావాలి. 60 దాటినవి ఎంత అందంగా ఉన్నా కొనేవాళ్లు తక్కువ. ఎడమచేతి వాటం విళ్లు తక్కువగా తయారయ్యాయి, అవి కావలసిన వాళ్లూ తక్కువే. ప్రకటనలో కుడి, ఎడమ మాటను నమ్మకండి, ఫొటో చూడండి. నారి మీవైపు ఉండేలా విల్లును నిలబెట్టినప్పుడు బాణం ఆనే కోత ఎడమవైపు ఉంటే అది కుడిచేతివాళ్లది. ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో లాగేది.

చిల్లులు, పాలిష్

ధరను ఎక్కువగా కోసేది ఈ రెండే. అమ్ములపొది బిగించడానికో, గురిచూసే సైటు పెట్టడానికో పాత యజమాని నాలుగు మరలు దింపి ఉంటాడు. వాటిని మైనంతోనో చెక్కపొడి జిగురుతోనో పూడ్చి రంగు వేస్తే ఫొటోలో కనబడదు. పిడి భాగం రెండు పక్కలూ దగ్గరగా తీసిన ఫొటో అడగండి. కోత ఉన్న చోట పలచటి పిడి మీద చిల్లుపడితే అందం పోవడమే కాక బలమూ తగ్గుతుంది. అయితే ఇత్తడి మరగూడు పొదిగిన ప్రతి రంధ్రమూ దోషం కాదు. 1960ల నుంచి గురిపోటీ విళ్లకు విల్లు కదలకుండా ఉంచే స్టెబిలైజర్ కడ్డీ బిగించే గూళ్లు ఫ్యాక్టరీలోనే వచ్చాయి.

పాత పాలిష్ గీకి కొత్తది వేసిన విల్లు తళతళలాడుతుంది, విలువ మాత్రం పడిపోతుంది. గీకడంతో చేతిరాతగా వేసిన నంబరు, బరువు, ముద్రలు పోతాయి. పైగా ఇసుక కాగితం అంచులను ఎంత తిన్నదో ఎవరికీ తెలియదు. బాణాలు వేయడానికే కొంటే ఇది పెద్ద సమస్య కాదు. సేకరణకైతే మాసిన అసలు పాలిషే మేలు. మెత్తటి గుడ్డ, కొంచెం సబ్బునీళ్లు, ఆపైన మైనం పూత, ఇంతకు మించి చేయకండి.

ఉక్కు విళ్ల మీద ఒక మాట. స్వీడన్ సీఫాబ్, ఇంగ్లాండ్ అపోలో, అమెరికా ట్రూ టెంపర్ గొట్టపు ఉక్కు విళ్లు చూడముచ్చటగా ఉంటాయి, చవకగా కూడా దొరుకుతాయి. గొట్టం లోపల తుప్పు పట్టిందో లేదో పైనుంచి తెలియదు. చెక్క విల్లు విరిగేముందు చిటపటమంటుంది, ఇది చెప్పకుండా ముఖం ముందు తునకలవుతుంది. కొనండి, గోడకు పెట్టండి. నారి ఎక్కించకండి.

మొదటిసారి నారి

జనకుడి ఇంట పెట్టెలో ఏళ్ల తరబడి దాచిన విల్లు రాముడు నారి తొడిగి లాగుతుంటే మధ్యకు విరిగింది. అటక నుంచి దించిన విల్లుకు కూడా గండం సరిగ్గా ఆ ఘట్టంలోనే ఉంటుంది. తేడా ఏమిటంటే ఇక్కడ విరిగితే పెళ్లి కాదు, కంటికి దెబ్బ.

విల్లుతోపాటు వచ్చిన పాత నారిని ఆధారంగా దాచుకోండి, వాడకండి. కొత్త నారి డాక్రాన్‌తో, అంటే పాలియెస్టర్ దారంతో, చేసినదే కావాలి. కాంపౌండ్ వాళ్లు, కొత్త రీకర్వ్ వాళ్లు వాడే ఫాస్ట్ ఫ్లైట్ తరహా నారి సాగదు. డాక్రాన్ కాస్త సాగి మింగే దెబ్బను అది నేరుగా కొప్పులకు చేరుస్తుంది. పాత కొప్పులు ఆ దెబ్బ కోసం కట్టినవి కావు. సన్నటి గట్టి దారం గాడిని కోసుకుంటూ పోతుంది, ఒకరోజు కొప్పు ఊడి వస్తుంది. పోగుల లెక్క సుమారుగా ఇది: 35 నుంచి 45 పౌండ్లకు 12, 45 నుంచి 55కు 14, ఆపైన 16. నారి పొడవు రీకర్వ్‌కు విల్లు పొడవు కన్నా దాదాపు 4 అంగుళాలు, లాంగ్‌బోకు 3 అంగుళాలు తక్కువ. 60 అంగుళాల రీకర్వ్‌కు 56 అంగుళాల నారి అన్నమాట.

ఎక్కించడానికి రెండు కొసలకూ తోలు తొడుగులున్న తాడు, స్ట్రింగర్ అంటారు, తప్పనిసరి. తాడును పాదంతో నేలకు తొక్కిపట్టి పిడిని పైకి లాగితే రెండు బద్దలూ సమంగా వంగుతాయి. నారి పెద్ద ఉచ్చు పైబద్ద మీద ముందే జారిపడి ఉండాలి, దాన్ని గాడిలోకి తోసేయడమే. ముఖం కొసకు ఎదురుగా పెట్టకండి. రెండు ఉచ్చులూ గాడిలో కూర్చున్నాయని చూశాకే తాడు వదలండి.

పిడి లోతైన చోటు నుంచి నారికి ఉన్న దూరం 58, 60 అంగుళాల రీకర్వ్‌లలో మామూలుగా ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర అంగుళాలు, తిన్నటి లాంగ్‌బోలలో ఆరు, ఆరున్నర. తక్కువైతే నారిని విప్పి మెలికలు పెంచండి, ఎక్కువైతే తగ్గించండి. మరీ తక్కువగా ఉంటే నారి మణికట్టుకు తగులుతుంది, విల్లు ఎక్కువ చప్పుడు చేస్తుంది.

ఇక తొందర వద్దు. నారి ఎక్కించి పావుగంట అలాగే పక్కన పెట్టండి, మళ్లీ అంచులన్నీ చూడండి. తర్వాత నాలుగైదు అంగుళాలు మాత్రం లాగి మెల్లగా వెనక్కి తీసుకురండి, పాతిక ముప్పై సార్లు. ఆపైన సగం, ఆపైన ముప్పావు. టిక్కుమని చిన్న శబ్దం వినబడినా ఆపి, వెతకండి. పూర్తిగా లాగేటప్పుడు కొక్కెం తక్కెడ తగిలించి అసలు బరువు చూడండి. రాసిన దానికన్నా నాలుగైదు పౌండ్లు తక్కువ వస్తే బద్దలు అలసిపోయాయి, లేదా ఎవరో గీకారు. బాణం లేకుండా లాగి వదలకూడదు. బాణంలోకి వెళ్లాల్సిన శక్తి అంతా బద్దల్లోకే తిరిగి వస్తుంది. బరువు తక్కువ బాణం కూడా కొంతవరకు ఇదే నష్టం చేస్తుంది. పాత విల్లుకు పౌండుకు 9 గ్రెయిన్ల లెక్కన బాణం ఉంటే మంచిది. 45 పౌండ్లకు 405 గ్రెయిన్లు, అంటే సుమారు 26 గ్రాములు. సన్నటి కార్బన్ బాణాల్లో చాలావాటి బరువు దీనికి చాలదు.

పని అయ్యాక నారి దించేయండి. కొప్పు మీద బరువు పడకుండా రెండు మేకుల మీద అడ్డంగా ఆనించి పెట్టండి. మే నెలలో విజయవాడలోనో ఖమ్మంలోనో మూసి ఉంచిన కారు లోపలి వేడి జిగురుకు శత్రువు. వంటగది గోడ, రేకుల షెడ్డు కూడా అంతే.

కొమ్ము విళ్లు

అమెరికన్ ఫ్యాక్టరీ విళ్లతో మొదలైన ఆసక్తి కొందరిని మొఘల్, పర్షియన్, తుర్కీ విళ్ల దాకా తీసుకెళుతుంది. వీటిలో పొట్టకు గేదె కొమ్ము, మధ్య కొయ్య, వెన్నుకు జంతువుల నరాల పోగులు. అన్నిటినీ పట్టి ఉంచేది చర్మం, స్నాయువుల నుంచి తీసిన జిగురు. కొమ్ము నలుగుడుకు తట్టుకుంటుంది, నరం సాగుడుకు తట్టుకుంటుంది. ఫైబర్‌గ్లాస్ విల్లు చేసే పనే, వేల ఏళ్ల ముందు. విష్ణువు విల్లు శార్ఙ్గం అన్న పేరు కూడా శృంగం నుంచే, కొమ్ముతో చేసినదని.

ఆ జిగురుకు తేమ పడదు. మన వానాకాలంలో తగిన జాగ్రత్త లేకపోతే అది మెత్తబడి నరాల పొర లేచిపోతుంది. నారి దించినప్పుడు ఈ విల్లు ఎండ్రకాయ కాళ్లలా ఎదురువైపుకు ముడుచుకుంటుంది. తెలియనివాళ్లు అలా ముడుచుకున్న దాన్నే అసలు వంపనుకుని నారి తగిలించబోయి విరగ్గొడతారు. గోడల మీద, కొన్నిసార్లు ప్రదర్శనల్లో సైతం, ఇవి తిరగేసి వేలాడుతుంటాయి. నరాలు కప్పిన వైపు గురికి ఎదురుగా ఉండాలి. కొమ్ము వైపు విలుకాడి వైపు. పాత కొమ్ము విల్లుకు నారి ఎక్కించే ప్రయత్నం ఏ స్థితిలోనూ చేయకండి.

భారతదేశంలో వందేళ్లు దాటిన ఇలాంటి కళావస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని సొంతంగా దేశం దాటించడం నేరం, అమ్మేవాళ్లకు లైసెన్సు ఉండాలి. కొనేముందు లైసెన్సు, రసీదు, వస్తువు వచ్చిన దారి మూడూ అడగండి. అటు అమెరికా నుంచి రీకర్వ్ తెచ్చుకునేవాళ్లకు వేరే చిక్కుంది. పిడి బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అయితే ఆ కొయ్య 1992 నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటకూడదు. ప్రకటనలో అందంగా వినిపిస్తుందని అమ్మేవాళ్లు ఆ పేరు ధారాళంగా వాడేస్తారు. నిజంగా అదేనా అని రాతపూర్వకంగా తేల్చుకున్నాకే పెట్టె కట్టించండి.